ఆవకాయ జాడీకి పేజీ నెంబరు

నేను ఒక కథ రాసి, దాన్ని దిద్ది, దిద్దినదాన్ని మళ్లీ దిద్ది, ఆ ఊపులో ఒక ప్రభుత్వ కాలనీనీ, నాకు ఆదివారం పూట అన్నం పెట్టే ఇంటినీ ఎలా అతలాకుతలం చేశానో ఇప్పుడు చెప్పబోతున్నాను. గుండె జబ్బులున్నవాళ్లు కూడా చదవచ్చు. ఇందులో ప్రమాదం ఉంది గానీ ప్రాణనష్టం లేదు. కామాక్షి అనే ఆవిడ ఐదో పేజీలో పోయిన మాట నిజమే, కానీ ఆరో పేజీలో లేచి పులుసు పెట్టింది. ఎందుకు లేచిందంటే, ఆవిడకీ తెలీదు, నాకూ తెలీదు.

అది రెండువేల ఆరో సంవత్సరం. నాకు ఇరవై నాలుగేళ్లు. తెనాలి నుంచి వచ్చి గుర్గావ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టరుగా చేరాను. టెస్టరంటే మరేం లేదు, ఎవరో చేసిన పనిలో తప్పులు వెతికి, వాళ్ల మొహాన రాసి పంపే ఉద్యోగం. జీతమిచ్చి మరీ అత్తగారి పాత్ర వేయిస్తారు. రోజుకి నలభై తప్పులు పట్టేదాన్ని కాబట్టి, ప్రపంచంలో తప్పు చెయ్యని మనిషిని నేనొక్కదాన్నేనని గట్టి నమ్మకం ఉండేది.

ఆ నమ్మకం మీద రచయిత్రినవుదామనుకున్నాను. ఊరికే అనుకుంటే సరిపోతుందా? ఆఫీసు ఇంటర్నెట్టులో "కథలు రాయడం ఎలా, దిద్దడం ఎలా" అని వెతికి, కనిపించిన సలహాలన్నీ ఆఫీసు ప్రింటర్లోనే తీసి, స్పైరల్ బైండింగ్ చేయించాను. మా పెద్దక్క పెళ్లి ఆల్బమ్ కూడా అంత లావు లేదు. మొదటి సలహా "తెలిసినదే రాయి". పదకొండోది "తెలియనిదే రాయి". ఒకచోట "రాసింది పదిమందికి చూపించు" అని ఉంటే, పేజీ తిప్పగానే "ఎవరి మాటా వినకు" అని ఉంది. "నీకు బాగా నచ్చిన వాక్యాన్నే ముందు కొట్టెయ్" అన్నారు. నాకు నా వాక్యాలన్నీ బాగా నచ్చాయి. అన్నీ కొట్టేస్తే మిగిలేదేమిటి? ప్రింటౌట్ తియ్యగానే పండగ కాదని అప్పటికి నాకు తెలీదు.

అన్నిటిలోకీ నేను ప్రాణంగా పట్టుకున్న సలహా ఒకటుంది. కథ మొదలుపెట్టే ముందు ప్రతి పాత్రకీ ఒక జాతకం రాసుకోవాలట. వాళ్ల వయసెంత, ఏం కోరుకుంటారు, ఏం దాస్తారు, ఏ అబద్ధం చెప్తారు, ఆ అబద్ధం వెనక నిజమేమిటి, అన్నీ. తెలిసిన మనిషిని ఎదురుగా పెట్టుకుని అసలు పేరుతోనే రాసుకుంటే పాత్రకి ప్రాణమొస్తుందనీ, పేరు తర్వాత మార్చుకోవచ్చనీ చెప్పారు. "తర్వాత" అన్న మాట మీద ఒక గీత గీసి ఉంటే నా బతుకు ఇంకోలా ఉండేది.

నాకు ఢిల్లీలో బాగా తెలిసిన మనిషి ఒక్కరే, విశాలాక్షి ఆంటీ.

ఆవిడ మా నాన్న స్నేహితుడి తోడల్లుడిగారి భార్య. తెనాలిలో అయితే ఈ చుట్టరికానికి మంచినీళ్లు కూడా ఇవ్వరు. ఢిల్లీలో అదే చుట్టరికానికి ప్రతి ఆదివారం అన్నం, ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ. ఆవిడ భర్త రామ్మూర్తి అంకుల్ ఒక మంత్రిత్వశాఖలో సెక్షన్ ఆఫీసరు. ఆర్.కె.పురంలో మూడో అంతస్తు క్వార్టరు. వారమంతా పీజీ హాస్టల్లో రాజ్మా, ఆలూ పరాఠా తిని తిని ఎండిపోయిన ప్రాణం, ఆదివారం పదకొండింటికి బస్సెక్కి ఆ ఇంటి గుమ్మంలో వాలేది. "కథ చూపిద్దామని వచ్చానాంటీ" అనేదాన్ని. "చూద్దాంలే, ముందు కాళ్లు కడుక్కో" అనేవారావిడ.

ఆ ఇంట్లో ఆవకాయకి ప్రత్యేక స్థానం. అది అమలాపురం నుంచి అంకుల్ వాళ్లక్కగారు ఏటా పంపే ఆవకాయ. పింగాణీ జాడీలో, వాసెన గుడ్డ కట్టి, దేవుడి గూటి పక్కనే ఉండేది. కాలనీలో ఏ తెలుగు భోజనం జరిగినా ఆ జాడీ వెళ్లాల్సిందే. అంకుల్ ప్రతి ఆదివారం మొదటి ముద్ద కలుపుకుని, "మా అక్క చెయ్యి పడితే ఆ రుచే వేరు" అనేవారు. ఆంటీ తలొంచుకుని నెయ్యి వేసేవారు.

ఎందుకు తలొంచుకునేవారో నాకు ఒక ఆదివారం తెలిసింది. పప్పు గుత్తి కోసం వంటింట్లో బియ్యం డబ్బా వెనక చెయ్యి పెడితే, మూడు ఖాళీ సీసాలు తగిలాయి. కరోల్‌బాగ్ దుకాణం ఆవకాయ సీసాలు! ఆంటీ చూశారు. తలుపు దగ్గరకు వేసి, మెల్లగా చెప్పారు. మూడేళ్ల కిందట ఒక పెళ్లిలో చీర పెట్టుబడి దగ్గర ఆడపడుచుతో మాటా మాటా వచ్చిందట. ఆ ఏటి నుంచి ఆవకాయ రాలేదు. "ఆయనకి వాళ్లక్కంటే ప్రాణమే. మా మధ్య మాటల్లేవని తెలిస్తే అన్నం సయించదు. అందుకని జాడీ ఖాళీ అవకుండా చూస్తున్నాను. ఎవరితోనూ అనకే వాసంతీ" అన్నారు.

"ఛ ఛ, నేనెందుకంటానాంటీ!" అన్నాను.

అనలేదు కూడా. రాసుకున్నాను. పాపం శమించుగాక, ఆ రోజు బస్సులో కూర్చుని, పక్కన ఒక సర్దార్జీ మోచెయ్యి తగులుతున్నా లెక్కచెయ్యక, ఒక తెల్లకాగితం మీద ఇలా రాశాను:

"పాత్ర: విశాలాక్షి. వయసు: (ఇక్కడ ఒక అంకె ఉండేది. ఇప్పుడెందుకు లేదో చివర తెలుస్తుంది). కోరిక: ఢిల్లీ తెలుగువాళ్లలో తనదే మొదటి వంట అనిపించుకోవడం. బలహీనత: పొగిడితే రెండో గరిటె వేస్తుంది. అబద్ధం: ఆవకాయ అమలాపురం నుంచి వచ్చింది. నిజం: కరోల్‌బాగ్. మూడు సీసాలు, బియ్యం డబ్బా వెనక."

రాసి, మురిసిపోయి, మడతపెట్టాను. కథ మాత్రం కామాక్షి అన్న పేరుతో, ఆవకాయ ప్రసక్తే లేకుండా రాశాను. నాకూ ఆ మాత్రం నీతి ఉంది.

ఆ ఏడు ఉగాదికి తెలుగు సంఘం వాళ్లు ఒక సంచిక వేస్తున్నారు. నా కథ అందులో పడాలి. సంఘం కమిటీలో ఉన్న రామ్మూర్తి అంకుల్, పై అంతస్తులో ఉండే ప్రభావతి ఆంటీ, సంచిక సంపాదకులు చలపతిరావు గారు, ముగ్గురూ సరేనంటే పడుతుంది. ముగ్గురికీ చూపించాను.

అంకుల్ పెన్సిలు పట్టుకుని అడిగారు. "మూడో పేరాలో వర్షం కురిసింది. ఏ తేదీన? కామాక్షి ఏడ్చింది. కారణం నాలుగో పేజీలో ఇచ్చారు. కారణం ముందు రావాలి, ఏడుపు తర్వాత రావాలి."

"అంకుల్, పాఠకుడికి ఉత్కంఠ కోసం అలా..."

"ఉత్కంఠ ఎందుకమ్మా? నేను చదివేటప్పుడు ఫైల్లో ఏముందో మొదటి లైన్లోనే తెలిసిపోవాలి."

ప్రభావతి ఆంటీ ఫోన్ చేశారు. "కామాక్షిని చంపెయ్యమ్మా. ఎవరైనా పోతేనే కథ గుర్తుంటుంది."

చలపతిరావు గారు కూడా ఫోన్ చేశారు. "ఎవర్నీ చంపకమ్మా. పండగ సంచిక. చివర్లో వంటో, పేరంటమో పెట్టు."

ఇక్కడ మామూలు రచయిత్రి అయితే బుర్ర వాడుతుంది. నేను టెస్టర్ని. మా ఆఫీసులో ఎవరు తప్పు చూపించినా అది సరిచేసి, "పూర్తయింది" అని టిక్కు పెట్టాలి. పరస్పర విరుద్ధంగా ఉన్నాయా అని అడిగే అధికారం మాకు లేదు. అందుకని వర్షానికి తేదీ వేశాను. కారణం ముందు పెట్టి ఏడుపు తర్వాత పెట్టాను. ఐదో పేజీలో కామాక్షిని చంపాను. ఆరో పేజీలో ఆవిడ చేతే పులుసు పెట్టించాను. అన్నిటికీ టిక్కులు పడ్డాయి. చదువుకుంటే ఇది ఎవరి కథో, ఎందుకు రాశానో నాకు బొత్తిగా అర్థం కాలేదు. "రాసినవాళ్లకే అర్థం కాకపోతే అది గొప్ప సాహిత్యం" అని స్పైరల్ పుస్తకంలో ఎక్కడో ఉందనిపించింది. లేదు. తర్వాత వెతికాను.

తరువాతి ఆదివారం ఆ కాగితాలు తీసుకెళ్లి అంకుల్ చేతిలో పెట్టాను. ఆయన మొహం చిట్లించారు.

"విడి కాగితాలా? ఇలా తిరిగితే ఏదో ఒకటి పోతుంది. ఫైలు తెరుస్తాను. నువ్వెళ్లి తిను."

నేను తినడానికి వెళ్లాను. నన్ను భోజనానికి పొమ్మంటే మళ్లీ వెనక్కి చూసే అలవాటు లేదు. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి అట్ట ఫైలు, తెల్ల ట్యాగు, కుడివైపు నా కాగితాలు, ఎడమవైపు అభిప్రాయాలు రాయడానికి ఆకుపచ్చ కాగితాలు, ప్రతి పేజీ మూల ఎర్ర సిరాతో నెంబరు, అన్నీ తయారు. పైన "విషయం: కథ గురించి" అని రాసి ఉంది. నా కథకి ఇంత గౌరవం జరగడం చూసి కళ్లు చెమర్చాయి. ఎన్ని కాగితాలున్నాయో లెక్కపెట్టుకోలేదు. రోజుకి నలభై తప్పులు పట్టేదాన్ని, ఒక్కసారి లెక్కపెట్టలేదు.

ఫైలు పై అంతస్తుకి వెళ్లింది. అక్కణ్ణుంచి చలపతిరావు గారింటికి. ఆపైన నాకు ఏమీ అర్థం కాని రోజులు మొదలయ్యాయి.

ముందు, ఆ పై ఆదివారం, ప్రభావతి ఆంటీ మెట్ల మీద ఎదురయ్యారు. నన్ను చూసి, సంచి ఇంకో చేతిలోకి మార్చుకుని, "ఏమ్మా, నువ్వు మా వంటింట్లోకి ఎప్పుడైనా వచ్చావా?" అని అడిగారు.

"లేదాంటీ, హాల్లోనే కదా కూర్చున్నాను."

"హాల్లోనే కదా? అచ్ఛా అచ్ఛా." అని ఊపిరి పీల్చుకుని గబగబా మెట్లెక్కేశారు. నాలుగు మెట్లెక్కి మళ్లీ వంగి, "నా గురించి ఏమన్నా రాసుకున్నావా?" అన్నారు. లేదన్నాను. ఎందుకో కాస్త చిన్నబోయారు కూడా. భయపడ్డారా, బాధపడ్డారా? తలాతోకా తెలీలేదు.

బుధవారం ఆఫీసుకి చలపతిరావు గారు ఫోన్ చేశారు.

"అమ్మాయ్, కథ చూశాను. గందరగోళంగా ఉంది. కానీ ఏడో పేజీ ఉంది చూశావూ, అదీ రచనంటే! పది మాటల్లో మనిషిని నిలబెట్టేశావు."

"థాంక్సండీ. కానీ కథ ఆరు పేజీలే కదండీ?"

"అవును. అదేనమ్మా నేననేది. ఆ ఆరూ తీసేసి ఏడోది ఉంచు."

ఫోన్ పెట్టేశాక కాసేపు నవ్వుకున్నాను, పెద్దాయనకి లెక్క తప్పిందని. కాసేపటికి బ్యాగు తీశాను. స్పైరల్ పుస్తకంలో మడతపెట్టి దాచిన జాతకం కోసం వెతికాను. పుస్తకం దులిపాను. బ్యాగు తిరగేశాను. అప్పుడు గుర్తొచ్చింది. కాగితాలిచ్చిన ఆదివారం బస్సులో కథనీ జాతకాన్నీ పక్కపక్కన పెట్టుకుని చూసుకున్నాను. దిగే తొందరలో అన్నీ కలిపి పోగుచేశాను. ఆ క్షణంలో నా గుండె కంప్యూటర్లాగే ఆగిపోయింది, తిరిగి ఆన్ చెయ్యడానికి రెండు గ్లాసుల నీళ్లు పట్టాయి.

ఇంటిగుట్టు లంకకు చేటు అంటారు. లంకకైనా ఒకే విభీషణుడు. ఆ కాలనీలో జాడీ గుట్టు రెండిళ్లు తిరిగింది, దాని ముందు నేను నా చేత్తో "పాత్ర: విశాలాక్షి" అని రాసి పెట్టాను.

అంకుల్‌కి ఫోన్ చేశాను. "అంకుల్, ఫైల్లో ఒక కాగితం పొరపాటున వచ్చింది. ఏడో పేజీ. దయచేసి తీసెయ్యండి."

"తీసెయ్యడమా?" అన్నారాయన, నేను ఇండియా గేటు పడగొట్టమన్నట్టు. "పేజీ నెంబరు పడ్డాక కాగితం తియ్యడం ఎలా కుదురుతుందమ్మా? రేపు ఇంకో కాగితం చేరి, ఆరు తర్వాత ఎనిమిది వస్తే అడిగేవాళ్లకి ఏం చెప్పాలి?"

"ఎవరడుగుతారంకుల్?"

"ఎవరూ అడగరు. కానీ అడిగితే?"

"పోనీ ఫైలు ఎక్కడుంది?"

"నిన్ననే తిరిగొచ్చింది. మీ ఆంటీ దగ్గర పెండింగులో ఉంది."

అంతే. అన్నం పెట్టిన చేతికి ఆవకాయ మంట పెట్టిన మొదటి తెనాలి మనిషిని నేనే అయ్యుంటాను. ఆ వారం నేను పడ్డ సిగ్గు అంతా ఇంతా కాదు. ఆదివారం భోజనం పోతే పోనీ, పీజీలో రాజ్మా తింటూ చస్తాను. కానీ "ఎవరితోనూ అనకే" అన్న మనిషి, ఆ కాగితం మీద నా చేతిరాత చూసి ఏమనుకుని ఉంటారు?

అయినా వెళ్లాను. పారిపోవడానికి కూడా ధైర్యం కావాలి, అది లేక వెళ్లాను. కాలేజీలో చదివే వాళ్లమ్మాయి స్వాతి తలుపు తీసింది. పుట్టి పెరిగింది ఢిల్లీలోనే, తెలుగు అర్థమవుతుంది, మాట్లాడదు, చదవలేదు. "దీదీ, ఆప్ తో గయీ" అంది జాలిగా, ఇక నా పని అయిపోయినట్టే అని. "మమ్మీ తీన్ దిన్ సే లిఖ్ రహీ హై." మూడు రోజులుగా వాళ్లమ్మ ఏదో రాస్తూనే ఉందట. నా మీద పోలీసు కంప్లెయింటే అనుకున్నాను.

ఆంటీ కంచాలు పెట్టారు. అన్నం, పప్పు, నెయ్యి. జాడీ లేదు. నేను తలెత్తలేదు. అంకుల్ ముద్ద కలుపుతూ ఆగి, "ఆవకాయేదీ?" అన్నారు.

ఆంటీ ఫైలు తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టారు. "ఏడో పేజీ చూడండి."

"చూశాను కదా."

"ఎప్పుడు?"

"నెంబరు వేసేటప్పుడే."

ఆంటీ గరిటె కింద పెట్టేశారు. "చూసి మరీ పైవాళ్లింటికి పంపారా?"

"మరి ఫైలు ఆ దారినే వెళ్లాలి కదా విశాలా. మధ్యలో కాగితం ఆపితే నా మీదకి వస్తుంది."

"ముప్ఫై ఏళ్ల సర్వీసు మిమ్మల్ని మనిషిగా మిగల్చలేదండీ!" అని, మెల్లగా అన్నారు. "మరి మీ అక్కగారి సంగతి... కోపం రాలేదా?"

అంకుల్ పప్పులో వేలితో గీతలు గీస్తూ చెప్పారు. "అది నాకు మూడేళ్ల నుంచీ తెలుసు. ఆవకాయ బాగుందని అక్కకి ఫోన్ చేశాను. నేనెక్కడ పంపానురా అంది."

"తెలిసీ ప్రతి ఆదివారం అక్క చెయ్యి, అక్క చెయ్యి అంటారేం?"

"నువ్వంత కష్టపడి జాడీలోకి మారుస్తున్నావు. ఆ మాత్రం అనకపోతే ఏం బావుంటుంది?"

ఆంటీ కళ్లు తుడుచుకున్నారు. స్వాతి కూడా తుడుచుకుంది. నేను మొదలుపెట్టబోతుంటే, ఆంటీ నా వైపు తిరిగారు.

"నువ్వాగు. నీకూ ఒకటి రాశాను. విను" అని ఆకుపచ్చ కాగితం తీసి చదివారు.

"పాత్ర: వాసంతి. వయసు: ఇరవై నాలుగు, చెప్పేదీ అంతే, ఇంకా దాచే వయసు రాలేదు. కోరిక: రచయిత్రి అవ్వాలని. బలహీనత: నోరు మూసుకుంటుంది, చెయ్యి మూసుకోదు. అబద్ధం: కథ చూపిద్దామని వచ్చానంటుంది. నిజం: ఆకలేసి వస్తుంది. ఇంకో నిజం: తిరిగెళ్లేటప్పుడు మొదటి అంతస్తు మెట్ల మీద నిలబడి కళ్లు తుడుచుకుని, అప్పుడు బస్సు దగ్గరకెళ్తుంది. ప్రతి వారం కిటికీలోంచి చూస్తాను. ఎక్కడా రాసుకోలేదు."

కాగితం మడిచి, "ఇప్పుడు తిను" అని రెండో గరిటె పప్పు వేశారు. నేను పొగడను కూడా లేదు. ఏడుస్తూ తిన్నాను. కారణం ముందు, ఏడుపు తర్వాత, అంకుల్ చెప్పిన వరసలోనే.

ఆ ఆకుపచ్చ కాగితం కింద ఇంకో తొమ్మిదున్నాయి. ఆడపడుచుతో గొడవ, చీర, సీసాలు, జాడీలోకి మారుస్తూ తలుపు గడియ వేసుకోవడం, ఆంటీ అన్నీ రాసేశారు. ఫైలు మళ్లీ పై అంతస్తుకి వెళ్తే, ప్రభావతి ఆంటీ ఆ కాగితాల చివర ఒక్క వాక్యం చేర్చారు: "ఏ దుకాణమో నాకు తెలుసు. మాదీ అక్కణ్ణుంచే." మెట్ల మీద నన్ను వంటింటి గురించి ఎందుకు నిలదీశారో అప్పుడు అర్థమైంది. ఫైలు చలపతిరావు గారికి చేరింది. ఆయన కుడివైపు కాగితాల మీద "వాపసు" అనీ, ఎడమవైపు వాటి మీద "అచ్చుకి" అనీ రాశారు.

ఉగాది సంచికలో "జాడీ" అన్న కథ పడింది. రచన: విశాలాక్షి. నా పేరు కూడా పడింది, ఆఖరి అట్ట లోపల, చిన్న అక్షరాల్లో: "ప్రూఫులు దిద్దినవారు: వాసంతి." ఆ సంచిక ఒకటి అమలాపురం వెళ్లింది. ఆ వేసవిలో అక్కణ్ణుంచి ఒక జాడీ వచ్చింది. అది తిని అంకుల్ చాలాసేపు ఆలోచించి, "కరోల్‌బాగ్‌దే కొంచెం బావుండేది" అన్నారు. ఆ మాట మాత్రం ఎవరూ ఏ ఫైల్లోనూ పెట్టలేదు.

కాబట్టి పాఠకులారా, స్పైరల్ బైండింగ్ మీద కుడిచెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. పేరు మార్చకుండా ఎవరి జాతకమూ రాయను. కాగితాలు లెక్కపెట్టకుండా ఎవరికీ ఇవ్వను. ఎవరింట్లో ముద్దపప్పు తింటానో వాళ్లకి చూపించకుండా ఒక్క ముక్క అచ్చుకి పంపను.

ఇదీ చూపించాను. ఆంటీ కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివారు, అన్నీ ఉంచెయ్యమన్నారు, సీసాలు కూడా. వయసు దగ్గర అంకె ఒక్కటి కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టారు.